పడుగులో ఉన్ని

పటాన్‌చెరు
5 సెప్టెంబరు 1976

అత్తమ్మకు సౌభాగ్య వందనాలు.

మీ ఉత్తరాన్ని నాయిన నా చేతికి ఇవ్వలేదు. తానే కిటికీ దగ్గర నిలబడి చదివి వినిపించాడు. నా గురించి రాసిన రెండు మూడు మాటలు దాటేశాడని అనుమానం. అందుకే నేరుగా రాస్తున్నాను. జవాబు కూడా పైన రాసిన చిరునామాకే రాయండి. ఇది మొగులమ్మ అనే ఆమె ఇంట్లో నేను కిరాయికి తీసుకున్న గది. గదికి గొళ్లెం లోపలి నుంచి ఉంది. మా ఇంట్లో నాకు అలాంటి గది ఎప్పుడూ లేదని మీకు తెలుసు.

బొంబాయి రోడ్డు మీద కొత్తగా పెట్టిన స్వెట్టర్ల ఫ్యాక్టరీలో, టెస్టింగ్ రూములో చేరాను. మార్చి ఆఖరు వరకు పరీక్షాకాలం. పని నచ్చితే పర్మనెంటు చేస్తారు. లేకపోతే సంగారెడ్డి మిషను బడిలో మూడో తరగతి నాకోసం సిద్ధంగా ఉంది. హెడ్మాస్టరు సుందర్‌రాజు సారు నాయినకు మాట ఇచ్చాడు. బడి పనంటే నాకు చులకన లేదు. కానీ అది నేను ఎక్కాలు నేర్చుకున్న గది, కుర్చీ కూడా అప్పటిదే. అందులో కూర్చుంటే ఇక లేవనని నా భయం.

ఇక్కడి పని ఇది. విదేశాలకు పంపే స్వెట్టర్లు కావాలని ఒక బొంబాయి కంపెనీ అడిగింది. మీ దగ్గర పష్మీనా అనే మేక ఉన్నిని ఇక్కడ కాగితాల మీద కష్మీర్ అంటున్నారు. అది కొంత, సన్నటి గొర్రె ఉన్ని కొంత కలిపి నూలు తీయించి అల్లాలి. ఎంత కలిపితే గుడ్డ ఎంత మెత్తగా ఉంటుంది, ఎంత కాలం నిలుస్తుంది అన్నది తేల్చడం నా వంతు. చిక్కేమిటంటే అసలు కష్మీర్ ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. పటాన్‌చెరు చలికి గొంగడే ఎక్కువ. మాకు కష్మీర్ అమ్మే దుకాణదారు పంపింది నిజమైనదో కాదో చూడటానికి మీరు గుప్పెడు మేక ఉన్ని పంపగలరా?

మీ సౌభాగ్య


శ్రీనగర్
28 సెప్టెంబరు 1976

బిడ్డ సౌభాగ్యకు అత్తమ్మ దీవెనలు.

గుప్పెడంటే ఇక్కడ చిన్న మాట కాదు. ఎండాకాలం మొదట్లో మేక తనంతట తాను వదిలే లోపలి బొచ్చును దువ్వి తీస్తారు. మా వార్డు ఆయా రహ్మతి వాళ్ల ముసలమ్మ దాన్ని ముందేసుకుని, ముతక వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరి, తర్వాత వడుకుతుంది. ఆమెకు నీ ఉత్తరాన్ని ఉర్దూలో చదివి చెప్పాను. గొర్రె ఉన్ని కలుపుతారన్న మాట వినగానే మూట కట్టేసింది. "దానికి నా దగ్గరెందుకు, పాలవాణ్ని అడగమను, నీళ్లు ఎట్లా కలపాలో వాడు చెబుతాడు" అంది. చివరికి నా ముఖం చూసి ఇచ్చింది.

జెర ఆలోచించు బిడ్డా. ఇక్కడ పష్మీనాలో ఉన్ని కలిపేవాడిని పెళ్లికి కూడా పిలవరు. కల్తీ చేసే చోట, గుడిలో వాక్యం చెప్పే మా అన్న ఉపదేశి పౌలు కూతురికేం పని? బడి వద్దంటే వద్దు, మా ఆస్పత్రిలో నర్సు ట్రైనింగు ఉంది. నువ్వు ఊఁ అంటే అడిగి పెడతాను. కింద సరస్సు, పైన మంచు. నీ గొళ్లెం కంటే గట్టి గొళ్లెం ఇస్తాం.

మేక ఉన్నిని ఏటా పంపే అక్రోట్లతో పాటు సంగారెడ్డికే పంపాను, ఒకే పార్సెల్‌లో పోతుంది కదా అని.

మీ అత్తమ్మ
లీలమ్మ


పటాన్‌చెరు
29 నవంబరు 1976

అత్తమ్మకు వందనాలు. అక్రోట్లు బాగున్నాయి. మేక ఉన్ని సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

ఈ కాలంలో మీ దగ్గర నుంచి ఏది వచ్చినా గుడిలో చేసే కోత పండుగకేనని మా అమ్మ లెక్క. పార్సెల్ విప్పింది, అక్రోట్లు గంపలో పోసింది, మెత్తటి సంచీని పైన పెట్టి గుడికి పంపింది. కొత్త జొన్నలూ, గుమ్మడికాయలూ, కోళ్లూ వేలం అయ్యాక సంఘ పెద్ద సొలొమోను తాత మీ సంచీ పైకెత్తాడట. "లీలమ్మ పంపిన కాశ్మీరు దూది. తల కింద పెట్టుకుంటే చెమటలోనూ మంచు కలొస్తది, పాడండి" అన్నాడట. సుందర్‌రాజు సారు పాడుకున్నాడు. కొత్తగా పుట్టిన మనవడికి దిండు కుట్టించాడు.

నేను ఆదివారం వెళ్లి వాళ్ల తలుపు తట్టాను. నన్ను చూడగానే సారు ముఖం వెలిగింది. "నాకు తెల్సు బిడ్డా, వస్తవని" అని టీ తెప్పించి, మూడో తరగతి టైంటేబులు ముందు పెట్టాడు. నేను దిండు కోసం వచ్చానని చెప్పేలోగా ఆయన భార్య టీతో పాటు కోత పండుగ అరిసెలూ పెట్టింది. చివరికి బాబు నిద్ర లేచే దాకా ఆగి, దిండు మూల కుట్టు విప్పి చిటికెడు తీసుకున్నాను. సారు నన్ను సాగనంపుతూ కూడా జనవరిలో చేరవచ్చు కదా అన్నాడు. కాదని చెప్పాను, విన్నాడో లేదో.

ఆ చిటికెడు చాలింది. మైక్రోస్కోపు కింద చూస్తే దుకాణదారు పంపింది నిజమైనదే. గొర్రె ఉన్ని పోగు మీద పొలుసులు దగ్గర దగ్గరగా, కాస్త లేచి ఉంటాయి. మేక పోగు మీద పలచగా, అంటుకుని ఉంటాయి.

ఇక కల్తీ సంగతి. మినుములూ బియ్యమూ కలపకుండా దోసె పోయలేం, దాన్ని కల్తీ అంటామా? దేన్లో ఏది ఎంత ఉందో లేబుల్ మీద రాస్తాం. ముసలమ్మకు ఈ మాట చెప్పండి.

ఇప్పుడు నా చేతిలో రెండు రకాల గొర్రె ఉన్ని ఉంది. సన్నదనం కొలిస్తే రెండూ ఒకటే. కానీ ఒకటి ఉంగరాల జుట్టులా దగ్గర వంకులతో ఉంది, ఇంకొకటి దాదాపు సాపు. వంకులు ఎక్కువ ఉన్నదే మేలు రకమని వ్యాపారుల నమ్మకం. మా మేనేజరు వెంకటేశ్వరరావు గారు కూడా ఆ మాటే పట్టుకున్నారు. నాకు నమ్మకం లేదు, రెండూ విడివిడిగా కలిపి చూస్తున్నాను.

ఒక కోరిక. మీరు ఏళ్లుగా కప్పుకునే శాలువా అంచు కుచ్చులోంచి నాలుగు పోగులు పంపుతారా? వాడిన పష్మీనా ఎలా అరుగుతుందో చూడాలి. ఈసారి ఈ చిరునామాకు.

సౌభాగ్య


శ్రీనగర్
16 డిసెంబరు 1976

బిడ్డా,

బడిలో చేరుతున్నావని అన్న రాశాడు. సుందర్‌రాజు ఇంటికి నువ్వే వెళ్లి అడిగావట. మంచిదే, మనసు కుదురుకుంది. మరి ఇంకా పోగులెందుకో అర్థం కాలేదు కానీ, అడిగావు కాబట్టి పంపుతున్నాను.

మంచు మొదలైంది. ఒళ్లో నిప్పుల బుట్ట పెట్టుకుని రాస్తున్నాను. దిండు సంగతి ముసలమ్మకు చెప్పలేదు. దూది అన్నారని తెలిస్తే ఆమె ఇక నాతో మాట్లాడదు.

ఈ శాలువా కథ నీకు తెలియదు. పదిహేనేళ్ల కింద రహ్మతికి కాన్పు తర్వాత జ్వరం వచ్చింది. డాక్టరు ఆశ వదులుకున్నాడు. నేను మంచం దగ్గర నుంచి కదలలేదు. ఆమె లేచి నడిచిన ఏడాది ముసలమ్మ చలికాలమంతా కూర్చుని తన చేత్తో వడికి, తమ్ముడితో నేయించి నాకు కప్పింది. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, నాకు నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే. ఇంతకంటే శుద్ధమైనది నీకు దొరకదు. నీ కొలతలన్నీ దీనితో సరిచూసుకో.

అత్తమ్మ


పటాన్‌చెరు
8 జనవరి 1977

అత్తమ్మకు వందనాలు.

ముందుగా, నేను బడిలో చేరడం లేదు. నాయినకు కూడా రాశాను.

మీ పోగులు చూశాను. అందులో మూడింట ఒక వంతు గొర్రె ఉన్ని ఉంది. పొలుసులు స్పష్టంగా కనిపించాయి, రెండుసార్లు చూసుకున్నాను. తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అందుకే మీ శాలువా పదిహేనేళ్లు నిలిచింది. కలపడం కల్తీ కాదనడానికి మీ భుజం మీద ఉన్నదే సాక్ష్యం. ముసలమ్మ మరి పాలవాడి మాట ఎందుకు అందో తెలియదు.

ఇక్కడి ఫలితాలు కూడా అటే చెబుతున్నాయి. అల్లిన గుడ్డను పట్టీగా కోసి బల్ల అంచు మీద నుంచి బయటికి తోస్తాం. ఎంత తొందరగా కిందికి వాలితే అంత మెత్తన. శుద్ధ కష్మీర్ తడిసిన తమలపాకులా వెంటనే వాలుతుంది. కానీ రుద్దే యంత్రం కింద పెడితే అదే ముందు పలచబడుతుంది, లాగితే అదే ముందు చిరుగుతుంది. ఒక్క ఏడాదిలో మోచేతులు బయటపడతాయి. గొర్రె ఉన్ని కలిపిన కొద్దీ బలం పెరుగుతుంది, మెత్తదనం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఏ ఉన్ని కలిపామన్న దాన్ని బట్టి ఉంది. వంకుల ఉన్ని స్ప్రింగులా ఎదురు తోస్తుంది, గుడ్డ బిర్రుగా నిలబడుతుంది. సాపు ఉన్ని అయితే కష్మీర్ పోగుల పక్కన అణిగి పడుకుంటుంది. డెబ్బై వంతుల సాపు ఉన్నిలో ముప్పై వంతుల కష్మీర్ కలిపాను. బల్ల అంచు మీద అది శుద్ధ కష్మీర్‌కు దగ్గర దగ్గరగా వాలింది.

మనుషులకు తెలుస్తుందో లేదో చూడాలని అల్లిక హాలులోని ఆడవాళ్లను పిలిచి కళ్లు మూసుకోమన్నాను. వెలిమెల నుంచి వచ్చే ఆగమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"జొన్న కోసిన చేతులమ్మ ఇవి, గోనెసంచీ గూడ మెత్తగనే ఉంటది. మెడకు పెట్టు."

మెడకు పెట్టాను. శుద్ధ కష్మీర్ ముక్కా, ఉన్ని కలిపిన ముక్కా మార్చి మార్చి పెట్టినా ఆమెకు తేడా తెలియలేదు. "రెండు గూడ మా గొంగడి లెక్క కుచ్చుకుంటలేవు, గంతే. ఇగ తియ్యి, ఉక్కపోస్తుంది" అంది. మిగతావాళ్లదీ అదే మాట. వెంకటేశ్వరరావు గారు రిపోర్టు చదివి, నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఇంతవరకు ఎప్పుడూ అనలేదు. "ఎవరికీ తేడా తెలియదంటారు. చాలా మంచి పని చేశారండి" అన్నారు.

సౌభాగ్య


పటాన్‌చెరు
19 జనవరి 1977

అత్తమ్మా,

ఇది తొందరగా రాస్తున్నాను. పాత ఉత్తరం కంటే ముందే అందితే బాగుండును.

ఇవాళ పాడైన స్వెట్టరు ముక్క ఒకటి విప్పుతున్నాను. అల్లిక కదా, కొస పట్టి లాగితే మొత్తం ఒకే పోగుగా వచ్చేసింది. ఇన్ని నెలలుగా నేను చూస్తున్నది ఇలాంటి గుడ్డనే. ఎక్కడి ముక్క తీసినా ఒకటే నూలు. మీ శాలువానూ అలాగే అనుకున్నాను. అది నేసిన బట్ట. దానికి నిలువు పోగుల పడుగు వేరు, అడ్డ పోగుల పేక వేరు. మీరు పంపిన కుచ్చు పోగులు పడుగువి మాత్రమే. పేక నేను చూడనే లేదు. శాలువా అంతటి మీదా తీర్పు చెప్పాను. చెప్పే హక్కు నాకు లేదు. నేను రాసింది పడుగు వరకే నిజం.

సౌభాగ్య


శ్రీనగర్
24 జనవరి 1977

సౌభాగ్యకు,

నీ ఎనిమిదో తేదీ ఉత్తరం ఇవాళ చేరింది. రేపటి నుంచి రోడ్డు మూసేస్తారట, అందుకే వెంటనే రాస్తున్నాను.

నేను అడగని దానికి జవాబిచ్చావు. నువ్వు రాసిన దాని అర్థం, ఆ ముసలమ్మ నన్ను పదిహేనేళ్లుగా మోసం చేసిందని. మధ్యాహ్నం డ్యూటీకి శాలువా లేకుండా వెళ్లాను. రహ్మతి "సిస్టర్, జ్వరమా?" అని అడిగింది. ఏం చెప్పాలి?

ఒకటి మాత్రం అర్థమైంది. ఆ ఫ్యాక్టరీలో ఏది అసలో ఏది కాదో నీకు పట్టింపు పోయింది. తేడా తెలియకపోతే చాలని నీకు నేర్పారు. అన్నకు అన్నీ వివరంగా రాశాను. వచ్చి నిన్ను తీసుకెళ్లమన్నాను.

లీలమ్మ


శ్రీనగర్
18 ఫిబ్రవరి 1977

బిడ్డా,

రోడ్డు తెరిచారు. నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, శాలువా తీసుకుని నేరుగా ముసలమ్మ ఇంటికి వెళ్లాను. పడుగులో ఏముందని అడిగాను. దాచలేదు. "గొర్రె ఉన్ని కలిపాను. నీ పని నాకు తెలియదా? రోజూ కప్పుకుంటావు, రోజూ ఉతుకుతావు. శుద్ధ పడుగైతే రెండు చలికాలాలకు తెగేది. పేకలో మాత్రం ఒక్క పోగు కలపలేదు. అమ్మేదైతే చెప్పి అమ్మేదాన్ని. నీకిచ్చింది, చెప్పేదేముంది?" అంది. ఆ తర్వాత ఇద్దరం ఉప్పు చాయ్ తాగాం.

నేను నీ మీద కోపంగా ఉన్నది నువ్వు తప్పు చెప్పావని కాదు, చెప్పిన తీరుకు. రాసే ముందు అది ఎవరి భుజం మీద ఉందో చూసుకోవాలి. అది నీకు ఏ మైక్రోస్కోపూ చూపించదు.

అన్నకు రాసిన ఉత్తరం మాత్రం వెనక్కి రాదు. మళ్లీ రాశాను, కానీ ఏది ముందు అందుతుందో తెలియదు. అన్న వస్తే ఎదురు మాట్లాడకు.

అత్తమ్మ


పటాన్‌చెరు
7 ఏప్రిల్ 1977

అత్తమ్మకు వందనాలు.

మీరు చెప్పినది నిజం. చూసుకోలేదు.

నాయినకు మీ మొదటి ఉత్తరమే ముందు అందింది. రెండోది కూడా అందింది కానీ, రెండు చదివాక మొదటిదే నమ్మానని ఆయనే చెప్పాడు. మార్చి ఆఖరి వారంలో వచ్చాడు. ఎన్నికల రాతలు ఇంకా గోడల మీదే ఉన్నాయి. ఆదివారం ప్రసంగానికి వేసుకునే కోటు వేసుకుని, రెండు రకాల నూలు కలిపిన బట్టను గురించి బైబిల్లో ఏదో వాక్యం ఉందని, దానికి గుర్తుగా కాగితం పెట్టుకుని మరీ వచ్చాడు. గేటు దగ్గర ఆపితే, "మా బిడ్డను తోల్కపోనీకి వచ్చిన" అన్నాడట. తిన్నగా మేనేజరు గదికే పంపించారు.

ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి నన్ను పర్మనెంటు చేస్తున్న ఆర్డరు. రెండోది బొంబాయి కంపెనీకి పంపే సర్టిఫికెట్టు. దాని మీద కష్మీర్ స్వెట్టర్లు, స్పర్శ ఉత్తమం అని ఉంది. వంతులు లేవు.

"శాతం రాయలేదు సార్" అన్నాను.

"లేబుల్ మీదా ఉండదండి. ఎవరికీ తేడా తెలియదని మీరేగా తేల్చారు. తెలియనిదాన్ని మనమే చెప్పి అనుమానం పెట్టడం ఎందుకు?" అన్నారు వెంకటేశ్వరరావు గారు. నెమ్మదిగానే అన్నారు. ఆయనకు నిజంగానే అందులో తప్పు కనిపించలేదు.

నాయిన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "సారు, మా బిడ్డ ఇక్కడ కల్తీ చేస్తున్నదా?" అని అడిగాడు.

"అయ్యో, కలపడం మాకు నేర్పిందే మీ అమ్మాయండి. ఎంత కలిపితే దొరకదో కూడా ఆమే చెప్పింది."

ఆ మాట తప్పని అనలేకపోయాను, అత్తమ్మా. నేను నాలుగు నెలలు బల్ల అంచు మీద తోసి తోసి కనిపెట్టింది సరిగ్గా అదే. మీ శాలువా గురించి మీకు రాసేటప్పుడు ఎంత గర్వంగా ఉన్నానో, ఆ రిపోర్టు ఇచ్చినప్పుడూ అంతే గర్వంగా ఉన్నాను. దాన్ని ఎవరు ఎందుకు వాడుకుంటారో అప్పుడూ చూసుకోలేదు.

పెన్ను తీసుకుని సర్టిఫికెట్టు మీద కష్మీర్ ముప్పై, ఉన్ని డెబ్బై అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన చదివి, మడిచి సొరుగులో పెట్టుకున్నారు. పర్మనెంటు ఆర్డరును కూడా తన వైపుకు లాక్కున్నారు. "దీనికేం తొందర లేదులెండి" అన్నారు.

నాయినను బస్టాండుకు తీసుకెళ్లాను. తెచ్చిన వాక్యం బయటికి తీయలేదు. కోటు విప్పి మోచేతి మీద వేసుకుని అడిగాడు.

"ఆ ముప్పై, డెబ్బై నిజమేనా?"

"నిజమే నాయినా."

"కలిపినవా మరి?"

"కలిపిన."

"నాకైతే కలుపుడే నచ్చలే. రాసినవు, అది మంచిదే. ఇగ ఇంటికి నడువు."

రానన్నాను. బస్సు ఎక్కి, కిటికీలోంచి మళ్లీ అడిగాడు. "సుందర్‌రాజుకు ఏం చెప్పాలె మరి?"

"ఉన్నది చెప్పు."

మరునాడు వంతులు లేని వేరే సర్టిఫికెట్టు మేనేజరు సంతకంతో వెళ్లిపోయింది. నా అంకెలు రాసిన కాపీ ఒకటి నేను బొంబాయికి పోస్టు చేశాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే ఏం జరుగుతుందో తెలియదు.

నెలాఖరున ఆయన నన్ను పిలిచి, "టెస్టింగ్ రూములో ఇక పని లేదండి. మెషీన్ల మీదైతే మనుషులు కావాలి. డిగ్రీ చదివినవారు, మీకెందుకులెండి" అన్నారు. నేను వెళ్లిపోతాననే అలా అన్నారు.

"ఎప్పటి నుంచి రమ్మంటారు?" అని అడిగాను.

కాబట్టి ఒకటో తారీఖు నుంచి అల్లిక హాలులో, ఆగమ్మ పక్క మెషీను నాది. మొదటి రోజు మూడు చోట్ల పోగు తెంపాను. "గంత సదివినవు, సూదులకు గది ఎర్కలేదు గదా" అని నవ్వింది. హాలులో చెవులు దిమ్మెక్కేంత చప్పుడు, ఉక్క, పోగుల నూగు ముక్కులోకి పోతుంది. నాకు ఈ పని నచ్చలేదు. నా గది మాత్రం ఉంది, దాని గొళ్లెం ఉంది. ఈ వారం బడి పిల్లల స్వెట్టర్లు అల్లుతున్నాం. అన్నీ గొర్రె ఉన్నివే, లేబుల్ మీదా అదే ఉంది. నర్సు ట్రైనింగు మాట ఇంకోసారి అడగండి, ఈసారి వెంటనే కాదనను. కానీ ఇప్పుడే కాదు.

నిన్న సుందర్‌రాజు సారు కార్డు వచ్చింది. టెస్టింగ్ రూములో పర్మనెంటు అయినందుకు నన్ను అభినందించాడు. నాయినే చెప్పాడట, సంఘంలో అడిగిన వాళ్లందరికీ అదే చెబుతున్నాడట. ఈ ఆదివారం ఈస్టరు, అందరూ గుడిలో ఉంటారు. ఉన్నది చెప్పడానికి నేను సంగారెడ్డి వెళ్తున్నాను.

మీ సౌభాగ్య